దుప్పట్ల మూట

గ్లాసులో నీళ్ళు మూడోసారి ఒలికాయి.

"కాళ్ళు," అంది ఇస్త్రీ పిన్ని, గుమ్మంలో కూర్చున్న చోటు నుంచి కదలకుండానే.

బుడ్డోడి తల్లి కిందికి చూసుకుంది. ఎడమ మడమ నేల మీద లేదు. అదెప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. ఆమె చేతుల్లో ఉన్నది ఒక మూట. రెండు బొంతలు, మొగుడి పాత చొక్కాలు, బరువు కోసం రెండు ఇటుకలు, అన్నీ కలిపి దుప్పట్లో బిగించి కట్టినవి. మూట మీద స్టీలు గ్లాసు, గ్లాసు నిండా నీళ్ళు. ఊగితే ఒలుకుతాయి. ఒలికితే మళ్ళీ మొదటి నుంచి. నాలుగు రోజులుగా ఇదే పని. ఇవాళ ఆఖరు. పన్నెండున్నర అయింది, మూడింటికల్లా లాండ్రీ గేటు దగ్గర ఉండాలి.

గోడవారగా చాప మీద తొమ్మిది నెలల బుడ్డోడు ఏడుస్తున్నాడు. ఆకలి ఏడుపు కాదు, నిద్ర ఏడుపు. ఎత్తుకుని నాలుగు ఊపులు ఊపితే తల భుజం మీద వాల్చేస్తాడు. కానీ ఎత్తుకోకూడదు. పక్కనే కూర్చున్న వదిన, అంటే మొగుడి అక్క, చెయ్యి చాచబోతే పిన్ని కళ్ళతోనే ఆపింది.

"ఏడవనీ. అక్కడా గేటు బయట ఎవరి పిల్లో ఏడుస్తూనే ఉంటుంది. అప్పుడేం చేస్తుంది మరి?"

"పిల్లాడు గుక్కపెడుతుంటే చూస్తూ కూర్చోడానికి నా గుండె రాయి కాదమ్మా," అంది వదిన.

"నీ గుండెనెవరు చూడొచ్చారు? వాళ్ళు చూసేది కాళ్ళు."

ఆ వీధిలో బుడ్డోడి తల్లిని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. వచ్చిన కొత్తలో పెయింటరు పెళ్ళాం అనేవాళ్ళు. కొడుకు పుట్టాక బుడ్డోడి తల్లి అయింది. సొంత పేరు ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ మీద ఉంది. ఆ సర్టిఫికెట్ ట్రంకు పెట్టె అడుగున ఉంది. ఎనిమిది పూర్తయ్యేనాటికి ఆమె అమ్మకి ఆఖరి కాన్పు వచ్చింది. చంకలో చెల్లెలితో బడికి రావద్దన్నారు టీచరమ్మ. చెల్లెల్ని దింపడానికి చోటు లేదు, అందుకని బడినే దింపేసింది.

లాండ్రీ అంటే వీధి చివర ఇస్త్రీ బండి లాంటిది కాదు. ఊళ్ళో ఉన్న ఆసుపత్రులవీ హోటళ్ళవీ దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు రోజుకి నాలుగు లారీలు దిగుతాయక్కడ. ఉతికే హాలు, ఆరబెట్టే మిషన్ల హాలు, ఇస్త్రీ హాలు, చివర్న మడత హాలు. మడత హాలులో ఎనిమిది మంది ఆడవాళ్ళు కావాలని గేటుకి కాగితం అంటించారు. నెలకి తొమ్మిది వేలు. పెయింటరుకి పని ఉన్న రోజున ఆరొందలు వస్తాయి, కానీ వానలు మొదలయ్యాక ఇరవై రెండు రోజులుగా తడి గోడకి ఎవడూ రంగు వేయించడం లేదు. ఇంట్లో పొయ్యి ఒక పూట వెలుగుతోంది. అలా అని ఆమె ఎవరితోనూ అనలేదు. తన పాలు పలచబడుతున్నాయని మాత్రం వదినతో అంది. వదినకి అర్థమైంది.

ఆమె మొదట వేరే రకంగా తయారైంది. సర్టిఫికెట్ తీసి, ముడతలు పోవడానికి పరుపు కింద పెట్టుకుంది. సంతకం ఒక పుస్తకం నిండా రాసింది. ఎందుకు వచ్చావు, ఏం చదివావు అని అడిగితే చెప్పాల్సినవి బట్టీ పట్టింది. మొగుడు కూడా తన వంతు సాయం చేశాడు. ఒకసారి ఏదో ఆఫీసుకి రంగులు వేస్తుంటే పక్క గదిలో ఇంటర్వ్యూలు జరిగాయట, అతను నిచ్చెన మీది నుంచి అంతా విన్నాడు. ఖాళీ పెయింటు డబ్బా బోర్లించి దాని మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, గొంతు సవరించుకుని అడిగాడు.

"మీలో ఉన్న బలహీనత ఏమిటండీ?"

ఆమె చాలాసేపు ఆలోచించి, "నడుం నొప్పండీ," అంది.

వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో ఆ నెల అందరూ కలిసి నవ్వింది అప్పుడే. మర్నాడు ఇస్త్రీ పిన్ని వచ్చి, సంతకాల పుస్తకం చూసి, మూసి పక్కన పెట్టేసింది. నిన్ను అక్కడ ఎవరూ ఏమీ అడగరే అంది. అప్పుడే మూట సంగతి చెప్పింది.

పసిపిల్లలున్న ఆడవాళ్ళని లాండ్రీ తీసుకోదు. అలా అని ఎక్కడా రాసి ఉండదు. ఫారంలో 'పిల్లలు' అని ఒక గడి ఉంటుంది, దాంట్లో అందరూ సున్నా చుడతారు. అందరూ సున్నా చుడతారని మడత హాలు మేడమ్‌కి తెలుసు. అందుకని ఆవిడ ఒక పద్ధతి కనిపెట్టింది. వచ్చిన ఆడవాళ్ళందరినీ నడవాలో వరసగా నిలబెట్టి, తలా ఒక దుప్పట్ల మూట ఇస్తుంది. పేరు పిలిచేదాకా దించకండి, ఎంత బరువు మొయ్యగలరో చూడాలి అంటుంది. తను వెళ్ళి అద్దం తలుపు వెనక కూర్చుని టీ తాగుతుంది. అరగంట, ఒక్కోసారి ముప్పావు గంట. పది నిమిషాలు దాటాక ఎవరి ఒళ్ళు వాళ్ళ మాట వినదు. బిడ్డనెత్తుకునే అలవాటున్న మనిషి మూటని నెమ్మదిగా ఎడమ చంకకి మార్చుకుంటుంది. నడుం ఒక పక్కకి వస్తుంది. ఒక మడమ లేస్తుంది, దిగుతుంది, రెండోది లేస్తుంది. ఆవిడ టీ తాగుతూనే కాగితం మీద టిక్కులు పెడుతుంది.

పిన్ని ఆ లాండ్రీలో పదకొండేళ్ళుగా ఇస్త్రీ చేస్తోంది, ఈ నెల రాత్రి షిఫ్టు. ఇద్దరు పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని, మూటతో ముప్పావు గంట రాయిలా నిలబడి గెలిచిన మనిషి. అక్కడి రిజిస్టరులో ఇప్పటికీ ఆవిడకి పిల్లల్లేరు. కూతురు చిన్నప్పుడు అన్నం డబ్బా పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేది. పదిమందీ ఉంటారు కాబట్టి 'అత్తా' అని పిలవమని నేర్పింది. పిల్ల చురుకైంది, వారంలో నేర్చుకుంది. కిందటేడు ఆ పిల్లకి జ్వరం వచ్చింది. మగతలో ఉండి, "అత్తా, నీళ్ళు," అంది. ఈ సంగతి పిన్ని ఎలా చెప్పిందంటే, ఎవరో పొరుగింటావిడ గురించి చెబుతున్నట్టు చెప్పి, గ్లాసులో మళ్ళీ నీళ్ళు పోసింది.

ఒంటిగంటకి ఆమె చివరిసారి నిలబడింది. బుడ్డోడు ఏడ్చి ఏడ్చి చాప మీదే పక్కకి ఒరిగి నిద్రపోయాడు. గది నిశ్శబ్దం అయ్యాక ఆమె ఒళ్ళు కూడా నిశ్శబ్దం అయింది. నలభై నిమిషాలు. నీళ్ళు ఒక్క చుక్క ఒలకలేదు.

"ఇప్పుడు మనిషివయ్యావు," అంది పిన్ని.

"మనిషి కాదు, దీపస్తంభం అయింది," అంది వదిన, నిద్రలో ఎక్కిళ్ళు పెడుతున్న పిల్లాణ్ణి అప్పుడు ఎత్తుకుంటూ.

బయల్దేరే ముందు పిల్లాణ్ణి లేపి పాలిచ్చింది. లోపల గుడ్డలు నాలుగు మడతలు పెట్టుకుని, వాటి మీద పొడుగాటి గుడ్డ గట్టిగా చుట్టుకుంది. ఊపిరి సగమే ఆడుతోంది. సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. అదెందుకన్నట్టు పిన్ని చూసింది గానీ, ఉండనీ అనుకున్నట్టుంది. పెయింటరు పిల్లాణ్ణి భుజాన వేసుకుని వీధి మలుపు దాకా వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. వెనక్కి తిరగొద్దని పిన్ని చెప్పింది కాబట్టి ఆమె తిరగలేదు. వాడు ఏడవలేదు. ఏడవలేదేమిటా అని గేటు దాకా అదే ఆలోచన.

ముప్పై ఒక్క మంది వచ్చారు. గేటు దగ్గర గుమస్తా ఫారాలు నింపుతున్నాడు. తలెత్తకుండానే పేరు అడిగాడు, వయసు అడిగాడు.

"పిల్లలు?"

"లేరండీ."

ఇంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు. నాలుక మీద ఏ అడ్డూ తగల్లేదు. సర్టిఫికెట్ ఇవ్వబోతే గుమస్తా, "ఇదెందుకమ్మా, ఉంచుకో," అని కవరు కూడా విప్పకుండా వెనక్కి తోశాడు.

నడవాలో గాలి వేడిగా, సబ్బు వాసనతో బరువుగా ఉంది. గోడ అవతల మిషన్లు తిరుగుతున్న మోత అరికాళ్ళకి తెలుస్తోంది. ఆమెకి వచ్చిన చోటు నడవా చివర, తాళం లేని ఒక తలుపు పక్కన. తలుపు సగం తెరిచి ఉంది. లోపల సబ్బుపొడి బస్తాలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. బస్తాల వెనక గోడకి, మోకాలెత్తున, పసుపుపచ్చ బాతులు వరసగా వేసి ఉన్నాయి. బస్తాల మధ్య సందులోంచి రెండు బాతులూ ఒక తోకా కనిపిస్తున్నాయి. పిల్లల గది గురించి పిన్ని ఒకసారి చెప్పింది. పసిపిల్లల తల్లులు ఇంతమంది పని చేస్తుంటే వాళ్ళకో గది, ఆయా, పాలిచ్చే వేళ ఇవ్వాలని ఎక్కడో రూలుందట. గది కట్టారు, రంగులు వేశారు. తర్వాత తల్లులే లేకుండా చూసుకున్నారు.

చక్రాల బండి మీద మూటలు వచ్చాయి. కుర్రమేస్త్రీ ఒక్కొక్కటే చేతుల్లో పెట్టుకుంటూ వెళ్ళాడు. ఆమె మూట అందుకుంది. అందుకోగానే కళ్ళు మూతపడ్డాయి.

మూట వెచ్చగా ఉంది.

ఈ ముక్క పిన్ని చెప్పలేదు. ఏళ్ళ క్రితం ఎత్తుకున్న మూట సంగతి, మరిచిపోయి ఉంటుంది. ఇంట్లో నాలుగు రోజులూ ఎత్తుకున్నది ఇటుకల చల్లదనం. ఇది ఆరబెట్టే మిషన్లోంచి అప్పుడే తీసింది. మెత్తగా, నిద్రపోతున్న ఒళ్ళులా వెచ్చగా ఉంది. గుండెలకి ఆనగానే దానంతటదే కొంచెం కిందికి జారి, చంకలో సర్దుకుంది. చుట్టుకున్న గుడ్డ కింద పాలు చిమ్మడం ఆమెకి తెలిసింది. మూటని కొంచెం పైకి లాక్కుని ఆ తడికి అడ్డం పెట్టుకుంది. గ్లాసుని తలుచుకుంది. మూట మీద గ్లాసుంది, గ్లాసు నిండా నీళ్ళున్నాయి అనుకుంది. ఇంట్లో ఉండే సొట్ట గ్లాసు, అంచు దగ్గర చిన్న గీత. ఆ గీత మీదే చూపు పెట్టి నిలబడింది.

పక్కన పొడుగు జడ పిల్ల నిలబడి ఉంది. పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో. ఆ పిల్లకి ఎవరూ ఏమీ నేర్పినట్టు లేదు. మూట ఇవ్వగానే, "భలే వెచ్చగుంది కదక్కా," అని నవ్వింది. తనకి ఈ ఉద్యోగం వస్తే ముందు అమ్మకి కళ్ళజోడు కొంటానంది, ఆవిడ సూదిలో దారం ఎక్కించలేకపోతోందట. చెబుతూ చెబుతూనే మూటని ఎడమ పక్కకి మార్చుకుంది. నడుం వంగింది. మడమ లేచింది. జడ చివర అటూ ఇటూ కదలడం మొదలైంది.

బుడ్డోడి తల్లి చూసింది. అద్దం తలుపు వెనక మేడమ్ కప్పు ఎత్తింది, దించింది. పెన్ను తీసింది.

ఒక్క మాట చాలు. కాళ్ళు. నాలుగు రోజుల్లో వందసార్లు విన్న మాట. అద్దం వెనక్కి వినిపించదు. పెదవి కూడా కదపక్కర్లేదు. ఆ మాట నోట్లోకి వచ్చింది, పళ్ళ వెనక నిలబడింది. ముప్పై ఒక్క మంది, ఎనిమిది చోట్లు. ఇంట్లో ఒక పూట పొయ్యి. గ్లాసు అంచు మీద గీత. ఆమె గీతనే చూస్తూ ఉండిపోయింది. జడ కదులుతూనే ఉంది.

ఎంతసేపైందో తెలియదు. మేడమ్ బయటికి వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, తెల్లకోటు, మెత్తని చెప్పులు. కోపంగా లేదు, బడిలో హాజరు వేసే టీచరమ్మలా ఉంది. వరస వెంట నడుస్తూ కొందరి దగ్గర ఆగి, మూట దించి వెళ్ళొచ్చమ్మా అంటోంది. జడ పిల్ల దగ్గర కూడా అదే అంది. ఆ పిల్లకి ముందు అర్థం కాలేదు.

"నేను ఇంకా మోయగలను మేడమ్. నాకు బరువేం కాలేదు."

"ఇంట్లో పసిబిడ్డ ఉంది కదమ్మా నీకు."

"నాకు పెళ్ళే కాలేదండీ," అంది ఆ పిల్ల. తర్వాత మొహం ఎర్రబడింది. "మా తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ నేనే ఎత్తుకునేదాన్ని. ఆఖరివాడికే ఇప్పుడు పదేళ్ళు."

మేడమ్ కాగితం వైపు చూసింది. టిక్కు అప్పటికే పడి ఉంది. ఇంకోసారి కాగితం అంటించినప్పుడు రా అంది. జడ పిల్ల మూట దించింది. విసిరెయ్యలేదు. ఒక చెయ్యి మూట పై అంచు కింద పెట్టి, మెడ నిలవని బిడ్డని పడుకోబెట్టినట్టు నేల మీద పెట్టి, చెయ్యి మెల్లగా బయటికి తీసుకుంది. వెళుతూ వెళుతూ బుడ్డోడి తల్లి వైపు తిరిగి, "నీకు వస్తుందిలే అక్కా," అంది.

తర్వాత తెల్లకోటు ఆమె ముందు ఆగింది. తల నుంచి పాదాల దాకా చూసింది.

"రాయిలా నిలబడ్డావే. ఇంతకుముందెక్కడైనా పని చేశావా?"

"లేదండీ."

"మంచిది. రేపు ఎనిమిదింటికి రా. మూడు నెలలు చూస్తాం, ఆ తర్వాత పేరు ఎక్కిస్తాం."

ఇంటర్వ్యూ అంతే. సర్టిఫికెట్ కవరు చెమటకి అరచేతికి అంటుకుపోయింది.

ఆరు కాకుండానే ఇల్లు చేరింది. వీధిలో ఇంకా ఎండ ఉంది. ఇంట్లోవాళ్ళకి ఆమె మొహం చూడగానే తెలిసిపోయింది. పెయింటరు పెద్దగా ఊపిరి వదిలి, దుకాణంలో అరువు పుట్టకపోదు అని సంచీ తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, పాత బాకీ గుర్తొచ్చి మళ్ళీ వెనక్కి వచ్చాడు. వదిన దణ్ణం పెట్టుకుంది. ఇస్త్రీ పిన్ని మాత్రం గుమ్మంలో కూర్చున్నది కూర్చున్నట్టే ఉండి, మూడు నెలలన్నారా అని అడిగింది. అన్నారని తలూపింది ఆమె.

"అయితే మూట ఇప్పుడే దింపకు. ఆ మూడు నెలలూ వెచ్చటి మూటలు మోస్తూనే ఉంటావు, ఆవిడ చూస్తూనే ఉంటుంది. ఇంట్లో ఊగితే అక్కడా ఊగుతావు. వీణ్ణి ఎత్తుకున్నా సరే, కాళ్ళు నేల మీదుండాలి."

బుడ్డోడు తల్లి గొంతు విని పాక్కుంటూ వచ్చేశాడు. ఆమె కూర్చుని గుడ్డలన్నీ విప్పి వాడికి పాలిచ్చింది. పొద్దున్నుంచీ నిద్ర చాలలేదేమో, తాగుతూ తాగుతూనే కళ్ళు నలుపుకుని సణుగుడు మొదలుపెట్టాడు. లేచి భుజాన వేసుకుంది. వాడు తల వాల్చాడు. వాల్చి, ఎదురుచూశాడు.

ఆమె నిలబడే ఉంది.

వాడు తల ఎత్తి మొహంలోకి చూశాడు. మళ్ళీ వాల్చాడు. మళ్ళీ ఎత్తి ఏడుపు అందుకున్నాడు.

"ఊపవే, నిద్రొస్తోంది వాడికి," అన్నాడు పెయింటరు.

"మూడు నెలలంట," అంది ఆమె. అతనికి ఏమీ బోధపడలేదు. పిన్ని వైపు చూశాడు. పిన్ని నేల వైపు చూస్తోంది.

ఎదురుగా వదిన నిలబడి ఉంది. చేతుల్లో ఏమీ లేదు. పిల్లాడి ఏడుపుకి ఆవిడ ఒళ్ళు దానంతటదే ఊగుతోంది, అటొకసారి, ఇటొకసారి. బుడ్డోడు అది చూశాడు. తల్లి గుండెల మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా తోశాడు. ఇంతకుముందు వాడెప్పుడూ అలా తోయలేదు. నడుం విల్లులా వంచి వదిన వైపు వాలిపోయాడు. పడిపోతాడని వదిన అందుకుంది. నాలుగు ఊపులు. అంతే, భుజం మీద తల పెట్టేశాడు.

గది నిశ్శబ్దం అయింది. ఆమె చేతులు ఇంకా అలాగే, ముందుకు చాచి, వంచి ఉన్నాయి. వాటిల్లో ఏమీ లేదు. కాసేపటికి ఆమె నడుం ఒక పక్కకి ఒరిగింది. ఎడమ మడమ లేచింది.

"కాళ్ళు," అంది ఇస్త్రీ పిన్ని, చాలా మెల్లగా.

ఆమెకి వినిపించింది. పాదాల వైపు చూసుకుంది, ఎవరివో చూస్తున్నట్టు. ఒలకడానికి చేతుల్లో గ్లాసు లేదు, మూట లేదు, పిల్లాడు లేడు. ఎడమ మడమ దిగింది. కుడిది లేచింది.